బ్యాటరీ బండిని అయినకాడికి అమ్ముకోవాలా?

పెట్రోలు ఖర్చు భరించలేక బ్యాటరీ స్కూటరు కొన్నవారిలో కొందరు ఏడాది తిరగకముందే దాన్ని అమ్మకానికి పెడుతున్నారు. కొన్ననాడు కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి, ఊరంతా తిప్పి చూపిన బండి ఇప్పుడు వాకిట్లో గోనెపట్టా కప్పుకుని బేరానికి ఎదురుచూస్తున్నది. "చెప్పినంత దూరం రావడం లేదు", "బ్యాటరీ పోతే బండి ఖరీదంత అవుతుందట", "పెట్రోలు బండ్ల ధర తగ్గింది గదా" అన్న మాటలు రచ్చబండ మీద తరచు వినబడుతున్నాయి. ఈ మాటల్లో కొంత నిజముంది, కొంత భయముంది. ఏది ఎంతో తేల్చుకోకుండా అమ్ముకున్న రైతు మాత్రం రెండుసార్లు నష్టపోతాడు. కొన్నప్పుడు ఒకసారి, అమ్మినప్పుడు మరోసారి.

లెక్క ఇదీ

ఒక ఉదాహరణ తీసుకుందాం. నల్గొండ జిల్లాలో బత్తాయి కాపు అమ్మిన డబ్బులోనుంచి ఒక రైతు 30 వేలు ముందుగా కట్టి, 90 వేలు అప్పు తీసుకుని, 1 లక్షా 20 వేల రూపాయల స్కూటరు కొన్నాడనుకుందాం. 11 శాతం వడ్డీ మీద 36 వాయిదాలైతే నెలకు దాదాపు 2,950 రూపాయలు కట్టాలి. పది నెలలు కట్టాక కూడా అసలులో సుమారు 68 వేలు మిగిలే ఉంటుంది. అప్పుడు పాత బండ్ల వ్యాపారి వచ్చి 70 వేలకు అడిగాడు. బండి అమ్మి, అప్పు తీర్చితే రైతు చేతికి మిగిలేది రెండు వేలు. ఫైనాన్సువారు ముందుగా అప్పు మూసినందుకు రుసుము వేస్తే అదీ మిగలదు. అతడు అప్పటికి తన జేబులోనుంచి పెట్టినది ముందు కట్టిన 30 వేలు, వాయిదాలుగా మరో 29 వేల పైచిలుకు. బండి లేదు, డబ్బూ లేదు. మళ్ళీ పెట్రోలు బండి కొనాలంటే మళ్ళీ ముందస్తు సొమ్ము, మళ్ళీ కొత్త అప్పు.

ఇప్పుడు రెండవ వైపు చూడాలి. ఈ రైతు పాల కేంద్రానికి, తోటకు, మండల కేంద్రానికి కలిపి రోజుకు 40 కిలోమీటర్లు తిరుగుతాడనుకుంటే, లీటరుకు 50 కిలోమీటర్లిచ్చే పెట్రోలు బండికి రోజుకు 0.8 లీటరు కావాలి. లీటరు 110 రూపాయలనుకుంటే 88 రూపాయలు. అదే దూరానికి బ్యాటరీ స్కూటరుకు, చార్జింగులో పోయేది కూడా కలుపుకుని, ఒకటిన్నర యూనిట్ల కరెంటు చాలు. యూనిట్ 6 రూపాయలనుకుంటే 9 రూపాయలు. రోజుకు మిగిలేది 79 రూపాయలు. నెలలో 25 రోజులు తిరిగితే దాదాపు 1,975 రూపాయలు. అంటే కట్టవలసిన వాయిదాలో మూడింట రెండు వంతులు ఆ బండే సంపాదించి పెడుతున్నదన్నమాట.

రోజుకు 10 కిలోమీటర్లే తిరిగేవారికి ఈ ఆదా నెలకు 500 రూపాయలకు మించదు. కొనేముందు వారు ఆలోచించుకోవలసింది. అయితే ఆదా తక్కువ అన్నంత మాత్రాన అమ్మితే లాభమని అర్థం కాదు. ధరలో పడిపోవలసిన పెద్ద భాగం కొత్త బండి షోరూము గడప దాటిన మొదటి సంవత్సరంలోనే పడిపోతుంది. ఆ నష్టం అమ్మినా తిరిగి రాదు, ఉంచుకున్నా తిరిగి రాదు. కనుక పోయినదాన్ని పక్కన పెట్టి, ఇకమీదట ఏ దారిలో ఖర్చు తక్కువన్నది మాత్రమే చూసుకోవాలి.

ధర ఎందుకు పడిపోతున్నది?

వ్యాపారి తక్కువకు అడగడానికి అతని అత్యాశ ఒక్కటే కారణం కాదు. కేంద్ర ప్రభుత్వం ఫేమ్ రెండవ విడత పథకం కింద 2021 జూన్ నుంచి బ్యాటరీ సామర్థ్యంలో ప్రతి యూనిట్‌కు 15 వేల రూపాయల రాయితీ ఇచ్చింది. 2023 జూన్ 1 నుంచి దాన్ని 10 వేలకు తగ్గించింది. 2024 మార్చి 31తో ఆ పథకమే ముగిసింది. తర్వాతి పథకాలలో 5 వేలు, ఆపైన 2,500 రూపాయలైంది. ఇంకోవైపు తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 వరకు కొత్త బ్యాటరీ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా మినహాయించింది. కొత్తది పన్ను లేకుండా వస్తుంటే పాతదానికి ఎక్కువ ఇచ్చేదెవరు?

దీనికి తోడు 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు పెట్రోలు ద్విచక్ర వాహనాలపై జి.ఎస్.టి. 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. బ్యాటరీ వాహనాలకు 2019 ఆగస్టు నుంచి ఉన్న 5 శాతమే కొనసాగింది. దానితో రెండు రకాల బండ్ల ధరల మధ్య లెక్క మారింది. పైగా బ్యాటరీల ధరలు కూడా తగ్గుముఖం పట్టాయి. ప్రపంచవ్యాప్తంగా 2024లో లిథియం బ్యాటరీల ధర ఏడాదిలో దాదాపు 20 శాతం తగ్గినట్లు బ్లూంబెర్గ్ సంస్థ సర్వేలో తేలింది. ఇది పాత బండి ధరను దించేదే. కాని ఇదే సంగతి ఉంచుకునేవారికి మేలు కూడా. నాలుగైదేళ్ళ తర్వాత బ్యాటరీ మార్చవలసి వస్తే ఆ ఖర్చు నేటి భయమంత ఉండకపోవచ్చు.

భయాల్లో నిజమెంత?

2022లో బ్యాటరీ బండ్లు అంటుకున్న వార్తలు వరుసగా వచ్చాయి. ఆ సంవత్సరం సెప్టెంబరు 12న సికింద్రాబాదులో హోటలు భవనం కింద ఉన్న బ్యాటరీ స్కూటర్ల షోరూములో మంటలు లేచి ఎనిమిదిమంది ప్రాణాలు పోయాయి. దాన్ని మరచిపోగూడదు. ఆ ఏటి ప్రమాదాల తర్వాత కేంద్రం బ్యాటరీల భద్రతా నిబంధనలను కఠినం చేసి, 2022 డిసెంబరు 1 నుంచి మొదటి విడత, 2023 మార్చి 31 నుంచి రెండవ విడత అమలులోకి తెచ్చింది. కనుక మీ బండి ఏ నెలలో తయారైందో రిజిస్ట్రేషన్ పత్రంలో చూసుకోవడం మొదటి పని. ఆ తేదీలకు ముందు తయారైనదైతే సర్వీసు కేంద్రంలో బ్యాటరీని పరీక్ష చేయించాలి.

దూరం తక్కువ వస్తున్నదన్నది ఎక్కువమంది ఫిర్యాదు. ప్రకటనలో రాసిన దూరం పరీక్షశాలలో వచ్చినది. ఇద్దరెక్కి, వెనుక దాణా బస్తా వేసుకుని, గుంతల దారిలో వేగంగా పోతే అది రానేరదు. ఇందులో చాలావరకు బ్యాటరీ లోపం కాదు. ఎండలో తిరిగి వచ్చిన వెంటనే చార్జింగు పెట్టడం, మే నెల ఎండలో రోజంతా నిలబెట్టడం, పూర్తిగా ఖాళీ అయ్యేదాకా నడపడం, కంపెనీ ఇచ్చిన చార్జరు వదలి వేరేది వాడడం వంటివి బ్యాటరీ ఆయుష్షును తగ్గిస్తాయి. ఎర్తింగు లేని ప్లగ్గు, అతుకుల వైరు ఇంటికే ప్రమాదం. ఈ అలవాట్లు మార్చుకుని నెలరోజులు చూసిన తర్వాతే బండిని నిందించాలి.

బండి అలవాటుకు సరిపోవాలన్న నియమం పెద్ద కార్లకూ వర్తిస్తుంది. విదేశాలలో పెట్రోలుతోనూ, ఇంట్లో చార్జింగుతోనూ నడిచే ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కార్లు విరివిగా ఉన్నాయి. ఐరోపా కమిషన్ 2024లో లెక్కలు తీస్తే, అవి రోడ్డు మీద వదిలే పొగ కాగితాల మీది లెక్కకు దాదాపు మూడున్నర రెట్లున్నట్లు బయటపడింది. యజమానులు అనుకున్నంతగా చార్జింగు పెట్టకపోవడం ఇందుకు ముఖ్య కారణం. ప్లగ్గు పెట్టనివాడికి ఆ బ్యాటరీ మోత బరువే. అమెరికాలో ఉన్న మన జిల్లా పిల్లలు అలాంటి కారు కొని, "ఉంచాలా, అమ్మాలా" అని ఇంటికి ఫోను చేస్తే పెద్దలు అడగవలసిన మొదటి ప్రశ్న ఒక్కటే: "రోజూ చార్జింగు పెడుతున్నావా, లేదా?"

ఎప్పుడు అమ్మడమే మంచిది?

ఉంచుకోవడమే ఎల్లప్పుడూ సరైనదని చెప్పడానికి వీలులేదు. ఇంట్లో చార్జింగుకు వీలు లేక పక్కింటివారిని బతిమాలవలసి వచ్చేవారు, రోజూ తిరిగే దూరం బండి నిజంగా ఇచ్చే దూరానికి మించినవారు, పాల క్యాన్లు, పురుగుమందుల డబ్బాలు వేసుకుని వాగులు, బురద దారులు దాటవలసినవారు అమ్ముకోవచ్చు. కంపెనీ డీలరు దుకాణం ఎత్తేసి, మరమ్మతుకు హైదరాబాదు దాకా బండిని ట్రాలీలో వేసుకుపోవలసిన దుస్థితిలో ఉన్నవారు కూడా అమ్ముకోవడమే మేలు. అమ్మదలచుకున్నవారు బ్యాటరీ వారంటీ మిగిలి ఉండగానే అమ్మాలి. వారంటీ రెండవ యజమానికి బదిలీ అవుతుందో లేదో పుస్తకంలో చూసి, బేరంలో ఆ మాట ముందు చెప్పాలి. ఇద్దరు ముగ్గురు వ్యాపారులను, కంపెనీ మార్పిడి పథకాన్ని కూడా విచారించిన తర్వాతే ధర ఒప్పుకోవాలి.

బండిలోనే లోపముంటే అమ్మకం మూడవ మెట్టు కావాలి. మొదట కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోవాలి. పలుకు లేకపోతే 1915 నంబరుకు ఫోను చేయాలి, లేదా జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించాలి. వివాదం తలెత్తిన రెండేళ్ళలోగా ఫిర్యాదు చేయాలి. 5 లక్షల లోపు వస్తువుకు ఫిర్యాదు రుసుము లేదు. చెడిన బండిని చెప్పకుండా పొరుగువాడికి అంటగట్టడం న్యాయమూ కాదు, ఊళ్ళో ముఖం చూపుకునే పనీ కాదు.

కాగితం ముఖ్యం

పల్లెల్లో బండి చేతులు మారుతుంది గాని కాగితం మారదు. తాళం చెవి ఇచ్చి, డబ్బు తీసుకుని, తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకుంటే పని అయిపోయిందనుకుంటారు. మోటారు వాహనాల చట్టం ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లోగా అమ్మినవారు, 30 రోజుల్లోగా కొన్నవారు రవాణా అధికారులకు తెలియజేయాలి. అందుకు 29, 30 నంబర్ల ఫారాలున్నాయి. అప్పు ఉన్న బండికి ఫైనాన్సువారి నిరభ్యంతర పత్రం, 35వ నంబరు ఫారం కావాలి. పేరు మారకుండా ప్రమాదం జరిగితే రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుందో వారే యజమాని అని, నష్టపరిహారం బాధ్యత వారిదేనని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. బండి అమ్మి ఏడాదైన తర్వాత కోర్టు నోటీసు వస్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్లే.

చేయవలసినది

తప్పంతా కొన్న రైతుదే అనడం అన్యాయం. అమ్మేటప్పుడు దూరం గురించి, బ్యాటరీ గురించి, సర్వీసు గురించి నిజం చెప్పవలసిన బాధ్యత డీలరుది. మండల కేంద్రంలో కనీసం వారానికొకరోజు మెకానిక్కు కూర్చునే ఏర్పాటు కంపెనీలు చేయాలి. ఊళ్ళో స్కూటర్లు బాగుచేసే కుర్రవాళ్ళకు ఐ.టి.ఐ.ల ద్వారా బ్యాటరీ బండ్ల మరమ్మతులో శిక్షణ ఇప్పిస్తే వారికి బతుకుతెరువూ దొరుకుతుంది, రైతుకు ధైర్యమూ కలుగుతుంది.

రైతు చేయవలసింది ఒక్కటే. అమ్మాలనిపించిన రోజున వ్యాపారిని పిలవకుండా, ఒక నోటు పుస్తకం తీసి నెలరోజులు రాయాలి. ఎన్ని కిలోమీటర్లు తిరిగారు, ఎంత కరెంటు కాలింది, ఎన్నిసార్లు బండి దారిలో ఆగింది అన్నవి చాలు. నెల చివర ఆ పుస్తకాన్ని ఇంటిల్లిపాదీ కూర్చుని చదవాలి. వాయిదా కట్టడానికి బంగారం కుదువపెట్టిన ఇల్లాలు కూడా ఆ లెక్కలో కూర్చోవాలి. అప్పుడు అమ్మాలని తేలితే నిస్సంకోచంగా అమ్మవచ్చు. ఉంచాలని తేలితే ఎవరేమన్నా వినకుండా ఉంచుకోవచ్చు. పొరుగువాడు కొన్నాడని కొనడం, పొరుగువాడు అమ్మాడని అమ్మడం గొర్రెదాటే అవుతుంది. కష్టపడి పండించిన బత్తాయి సొమ్ము అలా కరిగిపోగూడదు.