బొగ్గు పట్టణానికి పురపాలక ఓటు ఎప్పుడు?

2016 అక్టోబరు 11న, దసరా రోజున, తెలంగాణలోని పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి. పదహారు వేల చదరపు కిలోమీటర్లకు పైగా పరచుకున్న పాత ఆదిలాబాద్ నాలుగు జిల్లాలుగా విడిపోయింది. ఆగ్నేయ భాగం మంచిర్యాల జిల్లా అయింది. అంతకు ముందు చెన్నూరు, కోటపల్లి మండలాల రైతు కలెక్టర్‌కు అర్జీ ఇవ్వాలంటే నూట యాభై కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేయాల్సి వచ్చేది. రాత్రి అక్కడే ఉండాల్సి వస్తే ఖర్చు, పని దినాల నష్టం అదనం. ఇప్పుడు పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి ఇల్లు చేరుకోవచ్చు. ఈ మేలును ఎవరూ కాదనలేరు. అయితే జిల్లా విభజనతో కార్యాలయం దగ్గరైంది గానీ నిర్ణయాధికారం దగ్గర కాలేదు. అర్జీ పెట్టుకునే దూరం తగ్గింది, అర్జీ పెట్టుకోక తప్పని స్థితి మాత్రం అలాగే ఉంది. ఈ తేడా ఎంత లోతైనదో తెలియాలంటే చెన్నూరు శాసనసభ నియోజకవర్గాన్ని, అందులోనూ మందమర్రి పట్టణాన్ని చూడాలి.

చెన్నూరు ప్రాంతానికి దక్షిణాన గోదావరి, తూర్పున ప్రాణహిత హద్దులు. ప్రాణహిత దాటితే మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. నదుల వెంట పత్తి, మిర్చి పండే నల్లరేగడి, వెనుక టేకు అడవి, పడమటి వైపు మందమర్రి, రామకృష్ణాపూర్ బొగ్గు గనులు. జైపూర్ మండలం పెగడపల్లిలో 1,200 మెగావాట్ల సింగరేణి థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. అంటే రాష్ట్రానికి బొగ్గు, నీరు, కరెంటు మూడూ అందించే నేల ఇది. గని తవ్వితే ఇళ్ల గోడలు బీటలు వారేదీ, ఓపెన్‌కాస్టు మట్టి గుట్టల దుమ్ము అన్నం పళ్లెంలో పడేదీ, బూడిద గాలికి లేచేదీ ఇక్కడే. సంపద ఎక్కడి నుంచి తీస్తున్నారో నష్టమూ అక్కడే పోగవుతుంది. అలాంటి చోట ఊరి గురించి ఊరివాళ్లే తేల్చుకునే సభ ఒకటి ఉండటం కనీస న్యాయం. మందమర్రికి ఆ కనీసం కూడా లేదు.

2011 జనగణనలోనే యాభై వేలకు పైగా జనాభా ఉన్న మందమర్రి పేరుకు పురపాలక సంఘం. కానీ దశాబ్దాలుగా అక్కడ పురపాలక ఎన్నికలు లేవు. వార్డుకు కౌన్సిలర్ లేడు, పట్టణానికి చైర్మన్ లేడు, పాలన అంతా ప్రత్యేకాధికారి చేతుల్లోనే. 2020 జనవరిలో రాష్ట్రమంతటా పురపాలక ఎన్నికలు జరిగినప్పుడు పక్కనే ఉన్న రామకృష్ణాపూర్ ప్రజలు క్యాతన్‌పల్లి మున్సిపాలిటీకి ఓటేశారు, చెన్నూరు వాళ్లు వేశారు, బెల్లంపల్లి వాళ్లూ వేశారు. మందమర్రిలో పోలింగ్ కేంద్రమే తెరవలేదు. అప్పుడు పాల్వంచ, మణుగూరులదీ ఇదే పరిస్థితి. ఇంకో విచిత్రం కూడా ఉంది. సింగరేణి బొగ్గు సంస్థలో 1998 నుంచి గుర్తింపు కార్మిక సంఘానికి రహస్య బ్యాలెట్ ఎన్నికలు జరుగుతున్నాయి. చివరిసారి 2023 డిసెంబరు 27న జరిగాయి. మందమర్రి ఏరియా కార్మికుడు తన యూనియన్‌ను ఎన్నుకుంటాడు, ఎమ్మెల్యేను ఎన్నుకుంటాడు, పెద్దపల్లి ఎంపీని ఎన్నుకుంటాడు. తన వీధి మోరీ తీయించాల్సిన మనిషిని ఎన్నుకునే హక్కు ఒక్కటే అతనికి లేదు. షిఫ్టు దిగి వచ్చిన కార్మికుడి ఇంటి నల్లాలో నీళ్లు రాకపోతే జవాబు చెప్పాల్సింది బదిలీ మీద వచ్చి బదిలీ మీద వెళ్లిపోయే అధికారి. ఆ అధికారి ఎంత మంచివాడైనా జవాబుదారీ మాత్రం పైకే, కిందికి కాదు.

దీనికి కారణం ఎవరిదో నిర్లక్ష్యం అనుకుంటే పొరపాటు, మూలం రాజ్యాంగంలోనే ఉంది. మందమర్రి ఐదో షెడ్యూలు కింద ప్రకటించిన షెడ్యూల్డ్ (ఏజెన్సీ) ప్రాంతం. ఆదివాసీయేతరులకు భూ బదలాయింపులను నిషేధించే 1/70 చట్టం ఇక్కడ వర్తిస్తుంది. 1992లో 74వ సవరణ పురపాలక సంఘాలకు రాజ్యాంగ హోదా ఇచ్చింది గానీ, 243జెడ్‌సీ అధికరణ షెడ్యూల్డ్ ప్రాంతాలను దాని పరిధి నుంచి తప్పించింది. పార్లమెంటు ప్రత్యేక చట్టం చేస్తేనే ఆ భాగం అక్కడికి విస్తరిస్తుంది. పంచాయతీల విషయంలో పార్లమెంటు ఆ పని చేసింది, 1996లో పెసా చట్టం వచ్చింది. పట్టణాల కోసం 2001లో రాజ్యసభలో బిల్లు పెట్టారు గానీ అది చట్టం కాలేదు. దాంతో మందమర్రి రెంటికీ చెడింది. పంచాయతీ కాదు కాబట్టి పెసా గ్రామసభ లేదు, ఏజెన్సీ కాబట్టి వార్డు సభ్యుడూ లేడు. ఆదివాసీ రక్షణ కోసం పెట్టిన మినహాయింపు చివరికి ఆదివాసీకీ, ఆదివాసీ కానివారికీ కలిపి గొంతు లేకుండా చేసింది.

ఇక్కడ ఆదివాసీ సంఘాలు లేవనెత్తే అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. గనుల వెంట వలస వచ్చిన వాళ్లే పట్టణంలో ఎక్కువ. ఎన్నికలు పెడితే పదవులు వారికి పోతాయి, ఆ పదవుల బలంతో 1/70 చట్టాన్ని పలుచన చేస్తారు, చివరికి ఆదివాసీ భూమి మిగలదు అని వారి భయం. చరిత్ర చూస్తే ఈ భయానికి ఆధారం ఉంది. అయితే ఎన్నికలు ఆపి ఇన్నేళ్లూ సాధించిందేమిటి? వలస ఆగలేదు, గనులు ఆగలేదు, పట్టణం పెరగడం ఆగలేదు. ఆగింది ప్రాతినిధ్యం మాత్రమే. షెడ్యూల్డ్ ప్రాంతంలోనే ఉన్న జార్ఖండ్ రాజధాని రాంచీలో 2013లో, 2018లో నగరపాలక ఎన్నికలు జరిగాయి. 2018లో మేయరుగా ఎన్నికైనది ఆదివాసీ మహిళ. కాబట్టి ఓటూ రక్షణా ఒకదానికొకటి శత్రువులు కావు. చైర్మన్ పదవిని షెడ్యూల్డ్ తెగలకు కేటాయించి, భూమికి సంబంధించిన తీర్మానాలకు ఆదివాసీ సభ్యుల ఆమోదం తప్పనిసరి చేస్తే, ఎన్నికలు లేని ఇప్పటి స్థితి కంటే ఆదివాసీకి ఎక్కువ బలం వస్తుంది. ఇప్పుడున్న పద్ధతిలో పట్టణ పాలనలో ఆదివాసీకి ఒక్క కుర్చీ అయినా లేదు.

రెండో అభ్యంతరం అధికార వర్గాలది. ప్రత్యేకాధికారి ఉంటే రాజకీయ జోక్యం ఉండదు, పనులు చకచకా సాగుతాయి అంటారు. చెన్నూరు ప్రాంతమే దీనికి జవాబు చెబుతుంది. 2016 ఆగస్టులో తెలంగాణ, మహారాష్ట్ర ప్రభుత్వాలు ముంబైలో ఒప్పందం చేసుకుని గోదావరి మీద మేడిగడ్డ బ్యారేజీని 100 మీటర్ల నీటిమట్టంతో కట్టాలని నిర్ణయించాయి. ఆ బ్యారేజీ భాగమైన కాళేశ్వరం ఎత్తిపోతల పథకం 2019 జూన్‌లో ప్రారంభమైంది. ఆ తర్వాత వరుసగా వానాకాలాల్లో వెనుక జలాలు, వరద కలిసి చెన్నూరు, కోటపల్లి మండలాల నదీ తీరపు పత్తి చేలను ముంచాయి. 2022 జులై వరద సంగతి ఇక్కడి రైతులెవరూ మరచిపోలేరు. నీళ్లు తీశాక చేనులో మిగిలింది మోకాలి లోతు ఒండ్రు, కుళ్లిన మొక్క, తీరని అప్పు. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ పియర్లు కుంగాయి. ఇంత పెద్ద నిర్మాణంలో నది ఒడ్డున బతికే ఊళ్లను ముందుగా అడిగి, వాన పడితే నీళ్లు ఎక్కడి దాకా ఎగదన్నుతాయో తాతల కాలం నుంచి చూస్తున్నవారి మాట లెక్కలోకి తీసుకుని ఉంటే, నష్టపరిహారం నిబంధనలైనా ముందే రాసుకునేవారు. వేగం పేరుతో పక్కన పెట్టిన సంప్రదింపులకు మూల్యం చెల్లించింది రైతే. నిపుణుల లెక్కలు ఎంత అవసరమో, ఆ లెక్కలను ప్రశ్నించే అధికారం ఉన్న స్థానిక సభ కూడా అంతే అవసరం.

ఈ సమస్య మన ఒక్కరిదే కాదు. దక్షిణాఫ్రికా కథ మనకు రెండు పాఠాలు చెబుతుంది. జొహానెస్‌బర్గ్‌కు పడమట గనుల ప్రాంతమైన మెరఫాంగ్‌ను 2005లో రాజ్యాంగ సవరణతో గాటెంగ్ ప్రావిన్సు నుంచి నార్త్ వెస్ట్ ప్రావిన్సుకు మార్చారు. తమను పేద ప్రావిన్సులోకి నెట్టారని అక్కడి ఖుట్సాంగ్ ప్రజలు ఏళ్ల తరబడి ఆందోళన చేశారు, 2006 స్థానిక ఎన్నికలను దాదాపు పూర్తిగా బహిష్కరించారు. చివరికి 2009లో మరో రాజ్యాంగ సవరణతో ఆ ప్రాంతాన్ని తిరిగి గాటెంగ్‌లో కలపాల్సి వచ్చింది. ప్రజల్ని ఒప్పించకుండా పటం మీద గీసిన గీత నిలవదన్నది మొదటి పాఠం. రెండోది ఆ దేశపు బొగ్గులో అత్యధిక భాగం తవ్వే ఎంపుమలాంగా ప్రావిన్సుది. అక్కడి ఎమలాహ్లేని పట్టణానికి ఎన్నికైన మున్సిపల్ కౌన్సిల్ ఉంది, చుట్టూ బొగ్గు గనులు, విద్యుత్ కేంద్రాలు ఉన్నాయి. అయినా ఆ మున్సిపాలిటీ విద్యుత్ సంస్థ ఎస్కామ్‌కు కోట్లాది రాండ్ల బకాయి పడింది. ఓటు ఉండి చేతిలో నిధులు, సరైన నిర్వహణ లేకపోతే కౌన్సిల్ నామమాత్రం అవుతుంది. కాబట్టి మందమర్రికి ఎన్నికలు అడిగితే సరిపోదు, ఆ కౌన్సిల్ ఖర్చు పెట్టగల డబ్బునూ అడగాలి.

ఆ డబ్బు ఇప్పటికే చట్టంలో ఉంది. 2015లో సవరించిన గనుల చట్టం ప్రతి జిల్లాలో జిల్లా ఖనిజ సంస్థను ఏర్పాటు చేయమంది. ఆ సవరణకు ముందే ఇచ్చిన లీజుల మీద, గని యజమాని చెల్లించే రాయల్టీ ప్రతి వంద రూపాయలకు అదనంగా ముప్పై రూపాయలు ఈ నిధికి జమ కావాలి. సింగరేణి గనుల్లో చాలావరకు పాతవే. గనుల వల్ల దెబ్బతిన్న ప్రాంతాల తాగునీరు, వైద్యం, చదువు, పర్యావరణం కోసం ఖర్చు చేయడానికే ఈ డబ్బు. కానీ ఏ పని చేపట్టాలో తేల్చేది జిల్లా స్థాయిలో కలెక్టర్, ప్రజాప్రతినిధులతో కూడిన పాలక మండలి. మందమర్రి తరఫున అందులో మాట్లాడేందుకు పట్టణం ఎన్నుకున్న మనిషే లేడు. బొగ్గు రాష్ట్రానిదీ దేశానిదీ కదా, ఒక పట్టణం దానిమీద హక్కు అడగడమేమిటని కొందరు అంటారు. బొగ్గు మీద యాజమాన్యం ఎవరూ అడగడం లేదు. నష్టపరిహారంగా చట్టమే కేటాయించిన సొమ్మును నష్టపోయినవాడు చెప్పిన పనికి ఖర్చు చేయమనడం యాజమాన్యం అడగడం కాదు.

కావలసినవి మూడు. షెడ్యూల్డ్ ప్రాంతాల పురపాలక సంఘాల కోసం పార్లమెంటు చట్టం చేయాలి, అందులో ఆదివాసీ రిజర్వేషను, భూ రక్షణ స్పష్టంగా ఉండాలి. ఆ చట్టం కోసం రాష్ట్ర శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానం చేసి ఢిల్లీకి పంపాలి. చట్టం వచ్చేదాకా ఖాళీగా కూర్చోకుండా, మందమర్రి, మణుగూరుల్లో వార్డు సభలు పెట్టి, జిల్లా ఖనిజ నిధి పనుల జాబితాను ఆ సభల ముందు చదివి, అభ్యంతరాలు రాతపూర్వకంగా తీసుకోవాలి. ఈ మూడో పనికి ఢిల్లీ అనుమతి అవసరం లేదు. చెన్నూరు శాసనసభ్యుడు జి.వివేక్ వెంకటస్వామి 2025 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గంలో చేరి కార్మిక, గనుల శాఖలు చేపట్టారు. గనుల శాఖ చెన్నూరు ఎమ్మెల్యే చేతికే వచ్చిన ఈ అవకాశాన్ని వాడుకోవాలి. పార్టీలన్నీ వచ్చే ఎన్నికల హామీల్లో రోడ్లూ భవనాలతోపాటు మందమర్రి పురపాలక ఓటును రాయాలి. రాయని పార్టీని మందమర్రి ఓటరు నిలదీయాలి. ఎందుకంటే అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికల్లో ఓటు ఇప్పటికీ అతని చేతిలోనే ఉంది.