పెంపుడు కుక్క చివరి రోజుల్లో: ఎప్పుడు సాగనంపాలి? ఎక్కడికి తీసుకెళ్లాలి?

పన్నెండేళ్లు మీతో ఉన్న కుక్క మూడు రోజులుగా ముద్ద ముట్టడం లేదు. ఇక నయం కాదని డాక్టర్ చెప్పేశారు. మీరుండేది విజయవాడలో, మూడో అంతస్తు ఫ్లాట్‌లో. అప్పుడు ఏం చేయాలి?

నిర్ణయం ఎలా తీసుకోవాలి?

నయం కాని జబ్బుతో బాధపడుతున్న జంతువుకు పశువైద్యులు ముందు మత్తిచ్చి, తర్వాత ఇంజెక్షన్‌తో నొప్పి లేని మరణం ఇస్తారు. దీన్నే యూథనేషియా అంటారు. ఆ సమయం వచ్చిందో లేదో తేల్చుకోవడానికి అమెరికా పశువైద్యురాలు ఆలిస్ విల్లలోబోస్ 2004లో ఒక కొలమానం ఇచ్చారు. నొప్పి, తిండి, నీరు, శుభ్రత, హుషారు, కదలిక, చెడ్డ రోజుల కంటే మంచి రోజులు ఎక్కువగా ఉన్నాయా అన్నది... ఈ ఏడింటికీ 10 చొప్పున మార్కులు వేయాలి. పరిస్థితి ఎంత మెరుగ్గా ఉంటే అన్ని ఎక్కువ మార్కులు. మొత్తం 35 దాటితే సంరక్షణ కొనసాగించవచ్చు. ఇంట్లో అందరూ విడివిడిగా వేసి పోల్చుకోండి. రెండో అభిప్రాయం కావాలంటే గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది.

చట్టం ఏమంటోంది?

జంతుహింస నివారణ చట్టం-1960లోని సెక్షన్ 11 ప్రకారం క్రూరమైన పద్ధతిలో చంపడం నేరం. ఆకలిదప్పులతో అల్లాడేలా వదిలేయడమూ నేరమే. అంటే జబ్బు కుక్కను ఊరి చివర దింపేసి రావడం కుదరదు. విషం పెడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325 కింద ఐదేళ్ల వరకు జైలు పడొచ్చు.

తర్వాత ఎక్కడికి?

అసలు చిక్కు ఇక్కడే. డెల్టాలో చాలాచోట్ల కొద్ది అడుగులు తవ్వితే నీళ్లు పడతాయి. బందరు, రైవస్, ఏలూరు కాలువలు నగరం మధ్య నుంచే వెళ్తాయి. దిగువ ఊళ్ల మంచినీటి చెరువులు నిండేది కాలువ నీటితోనే. కాబట్టి కళేబరాన్ని కాలువలో వేయొద్దు. ఇంజెక్షన్ మందు శరీరంలోనే ఉండిపోతుంది. బయట పడేస్తే పీక్కుతినే కాకులకు, కుక్కలకు ప్రాణాపాయం.

సొంత స్థలం ఉంటే బావికి, కాలువకు దూరంగా, నీరు ఊరని మెరకలో, పైన కనీసం 3 అడుగుల మట్టి ఉండేలా పూడ్చండి. ఫ్లాట్‌లో ఉంటే వార్డు సచివాలయంలోని శానిటేషన్ కార్యదర్శిని, మీ డాక్టర్‌ను ముందే అడిగి ఉంచుకోండి. ఆ రోజు వెతుక్కునే ఓపిక ఉండదు.

రాజ్యాంగం 12వ షెడ్యూల్ ప్రకారం మున్సిపాలిటీలకు అప్పగించదగిన పనుల్లో శ్మశానాలు ఉన్నాయి, జంతుహింస నివారణ కూడా ఉంది. హైదరాబాద్‌లోని ఫతుల్లగూడలో, ముంబయిలోని మలాడ్‌లో కార్పొరేషన్లు జంతువుల దహనానికి ఏర్పాట్లు చేశాయి. నేల కింద నీళ్లున్న డెల్టా పట్టణాలకు ఆ అవసరం ఇంకా ఎక్కువ. మీ కార్పొరేటర్‌ను అడగాల్సిన ప్రశ్న ఇదే.

పిల్లలకేం చెప్పాలి?

‘ఊరికి పంపాం’, ‘నిద్రపుచ్చాం’ అనొద్దు. చనిపోయిందనే చెప్పండి. తొందరపడ్డామా, ఆలస్యం చేశామా అన్న ప్రశ్న మిమ్మల్ని కొన్నాళ్లు వెంటాడుతుంది. మీరు వేసుకున్న ఆ మార్కుల కాగితం దాచుకోండి. నిర్ణయం ఎందుకు తీసుకున్నారో అదే గుర్తుచేస్తుంది.