బంతి వదిలితేనే ఆట!

విశాఖలో ఏ స్కూలు మైదానం దగ్గరైనా సాయంత్రం నాలుగున్నర దాటాక ఓ పావుగంట నిలబడి చూడండి. పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతుంటే ఆ జట్టు సంగతి ఇట్టే తెలిసిపోతుంది. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో మీకు తెలియకపోయినా ఫర్వాలేదు. బంతి ఎవరి కాళ్ల దగ్గర ఎంతసేపు ఉంటోందో చూస్తే చాలు!

మన స్కూలు జట్లు గోల్ మీదికి వెళ్లే దారులు ముఖ్యంగా నాలుగు.

మొదటిది 'ఎత్తి కొట్టు, వెంటపడు' పద్ధతి. వెనకున్న బలమైన కుర్రాడు బంతిని గాల్లోకి లేపుతాడు. ముందున్న పొడుగాటి కుర్రాడు దాని వెంట పరుగెడతాడు. తొమ్మిదో తరగతికే మీసాలొచ్చిన పిల్లాడు జట్టులో ఉంటే ఈ ఆటకు తిరుగుండదు. మైదానం గతుకులుగా ఉన్నా, వానకు బురదగా మారినా ఇదే తేలిక. రెండోది 'హీరో ఆట'. బంతి దొరికిందంటే ఒక్కడే ముగ్గుర్ని తప్పించుకుంటూ దూసుకుపోతాడు. చూడ్డానికి కన్నులపండువే. కాకపోతే గోల్‌కీపర్‌ని పక్కన పెడితే జట్టులో మిగతా తొమ్మిదిమందీ ప్రేక్షకులే! మూడోది అంచుల ఆట. వేగంగా పరుగెత్తే పిల్లలు రెండు వైపులా గీతల వెంబడి వెళ్లి బంతిని మధ్యలోకి పంపిస్తారు. ఇక నాలుగోది పాస్‌ల ఆట. బంతి అందగానే పక్కవాడికి ఇవ్వడం, ఇచ్చి ఖాళీ చోటుకి పరుగెత్తడం, మళ్లీ అందుకోవడం.

మొదటి మూడింటికీ దేవుడిచ్చిన వరం ఏదో ఒకటి కావాలి. ఒకదానికి ఎత్తు, ఇంకోదానికి కాలి చలాకీ, మరోదానికి వేగం. నాలుగోదానికి మాత్రం అలాంటివేవీ అక్కర్లేదు. నేర్పే మాస్టారు ఉంటే చాలు.

విశాఖ పిల్లలకు ఈ ఆట అర్థం చేయించడం అసలు కష్టమే కాదు. ఓడలో వచ్చిన బొగ్గు సంగతే చూడండి. రేవులో క్రేన్ దాన్ని అందుకుంటుంది. బెల్టు మోస్తుంది. వ్యాగన్ లాక్కెళ్తుంది. కోక్ ఓవెన్‌లో కోక్‌గా మారి, చివరికి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న బ్లాస్ట్ ఫర్నేసుల్లోకి చేరుతుంది. మధ్యలో ఎవరైనా 'ఇది నాదే, నేనివ్వను' అని పట్టుక్కూర్చుంటే ఉక్కు తయారవుతుందా? ఈ ఊరు బతుకుతున్నదే పాస్‌ల మీద!

బడిపంతులు నేర్పిన పాఠం

ఈ పాస్‌ల ఆటను మన నేల మీద ఒక పద్ధతిగా నిలబెట్టినవాడు విదేశీ కోచ్ కాదు. ఓ బడిపంతులు. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, పనిచేసిన స్కూళ్లలో ఆటల బాధ్యత కూడా చూసుకున్నారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్‌గా వెళ్లారు. ఆ ఏడాది మొదలుకొని 1954 దాకా బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పుని ఆ జట్టు వరసగా ఐదుసార్లు ఎత్తుకొచ్చింది. కలకత్తా క్లబ్బులంటే దేశమంతా హడలిపోయే రోజులవి!

ఇంతకీ రహీం మాస్టారు ఏం నేర్పారు? ఆయన దగ్గర మంత్రాలేమీ లేవు. హైదరాబాద్‌లో చిత్రమైన పోటీలు పెట్టించేవారు. ఒక పోటీలో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి అందిందంటే వెంటనే ఎవరికో ఒకరికి ఇచ్చేయాల్సిందే. ఇంకో పోటీలో వాటం లేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో అన్నమాట.

పైకి ఇవి పిల్లలాటల్లా కనిపిస్తాయి. వెనకున్న లెక్క మాత్రం గట్టిది. డ్రిబ్లింగ్ కుదరదని తెలిసినవాడు బంతి రాకముందే తల పైకెత్తి చూస్తాడు. ఎవరు ఖాళీగా ఉన్నారో ముందే వెతుక్కుంటాడు. బంతి లేనివాడు కూడా ఊరుకోడు, కనపడే చోటుకి జరుగుతాడు. అంటే పదిమందీ ఆలోచించడం మొదలుపెడతారు. ఇక రెండు కాళ్లూ ఆడేవాడిని అడ్డుకోవాలంటే ఎదుటివాడికి ఎటు కాసుకోవాలో తెలియదు. పైగా ఎంత వేగం ఉన్న కుర్రాడైనా దొర్లే బంతి కంటే ముందు వెళ్లలేడు. మనిషిని పరుగెత్తించే బదులు బంతిని పరుగెత్తించడమే తెలివి.

పది గోల్స్ తిన్నాక...

రహీం కోచ్‌గా వెళ్లిన జట్లన్నీ గెలిచాయనుకోకండి. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో ఆయన శిక్షణలో మన జట్టు ఇరాన్‌ని 1-0తో ఓడించి స్వర్ణం తెచ్చింది. మరుసటి ఏడాదే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడిపోయింది. మనవాళ్లలో చాలామంది వట్టికాళ్లతోనే ఆడారు. ఆ దెబ్బతో ఇక్కడ బూట్లు తప్పనిసరయ్యాయి.

మాస్టారు బూట్లతో ఆగిపోలేదు. ప్రపంచం ఎలా ఆడుతోందో గమనించారు. అప్పట్లో హంగరీ జట్టు ఓ కొత్త ఎత్తు వేస్తుండేది. గోల్ ముందు కాచుకుని ఉండాల్సిన సెంటర్ ఫార్వర్డ్‌ని కాస్త వెనక్కి జరిపేది. అతణ్ని పట్టుకోవడానికి ఎదుటి జట్టు డిఫెండర్ కూడా ముందుకొచ్చేస్తాడు. అతను వదిలిన ఖాళీలోకి వేరేవాళ్లు దూరిపోతారు. చెదుగుడులో ఒకడు ఊరిస్తుంటే గొలుసు చెదిరిపోతుంది చూడండి, అలాంటిదే. ఈ ఎత్తులను రహీం మనవాళ్ల కాళ్లకు తగ్గట్టు మలిచారు.

ఫలితం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో కనిపించింది. ఆతిథ్య ఆస్ట్రేలియాని మనవాళ్లు 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీస్ చేరిన మొదటి ఆసియా జట్టు మనదే! చివరికి నాలుగో స్థానంతో తిరిగొచ్చారు.

మన పక్కింటి కుర్రాడు

ఆ మెల్‌బోర్న్ జట్టులో ఇరవై ఏళ్ల కుర్రాడొకడున్నాడు. పేరు తులసీదాస్ బలరామ్. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టినవాడు, చాలా పేద కుటుంబం. సాధనకి రమ్మంటే హైదరాబాద్ దాకా వచ్చే స్తోమత లేదు. అప్పుడు సైకిలు అద్దెకు రహీం సాబే డబ్బులిచ్చారని బలరామ్ చివరిదాకా చెప్పుకునేవారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టింది ఆయనే. కావాలంటే ఒంటరిగా నలుగుర్ని తప్పించుకుపోగల కాళ్లవి. అయినా చునీ గోస్వామి, పి.కె.బెనర్జీలతో కలిసి ఆడినప్పుడు బంతి ఎప్పుడు వదలాలో తెలిసిన మనిషిగానే ఆయనకు ఎక్కువ పేరు. 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారు.

ఇక 1962 జకార్తా ఆసియా క్రీడల కథ సినిమాని తలదన్నుతుంది. ఆ మాటకొస్తే 2024లో 'మైదాన్' పేరుతో సినిమాగానూ వచ్చింది. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. తర్వాత డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. వేరే కోచ్ అయితే ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టేవారు. రహీం ఏం చేశారంటే, సెమీఫైనల్ నుంచి ఆయన్ని తీసుకెళ్లి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు! ఫైనల్లో మళ్లీ అదే కొరియా. స్టేడియంలో జనం మనకు వ్యతిరేకంగా అరుస్తున్నారు. అయినా మొదటి 20 నిమిషాల్లోనే మనవాళ్లు రెండు గోల్స్ కొట్టేశారు. ఒకటి పి.కె.బెనర్జీది, రెండోది ఆ కుట్ల తల జర్నైల్‌ది. 2-1తో స్వర్ణం మనదైంది. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న మాస్టారు 1963 జూన్‌లో కన్నుమూశారు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ స్వర్ణం రాలేదు.

కప్పులు ఎటు పోయాయి?

జాతీయస్థాయిలో రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ జట్టు 1956-57, 1957-58ల్లో వరసగా గెలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ గెలిచింది. ఆ తర్వాత ఆ కప్పు తెలుగు నేలకు రానేలేదు. నిన్నమొన్నటి సంగతి చూస్తే, హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచి మురిపించింది. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది.

క్లబ్బులు అంతే. డబ్బు ఎటుంటే అటు వెళ్తాయి. పోలీసు జట్టైనా, రైల్వే జట్టైనా ఆటగాళ్ల వయసు మీరితే పలచబడతాయి. ఎక్కడికీ కదలనిది, ఏటా కొత్త పిల్లలు వచ్చేది ఒక్క బడే. రహీం కథలో మనం ఎక్కువగా మర్చిపోయే సంగతి కూడా ఇదే. ఆయన ముందు టీచరు, తర్వాతే కోచ్.

బడిలో దారి చూపేవాళ్లుంటే ఏమవుతుందో ఇప్పటికీ ఉదాహరణలున్నాయి. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య మొదట పరుగుపందేల అమ్మాయి. ఆ వేగాన్ని ఫుట్‌బాల్ వైపు మళ్లించాక అంచుల వెంట దూసుకెళ్లే ఆటగత్తె అయింది. 2022లో క్రొయేషియా క్లబ్బు డైనమో జాగ్రెబ్‌కి సంతకం చేసింది. 2024-25కి దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ పురస్కారం అందుకుంది. అటు అనంతపురంలో ఆర్‌డీటీ సంస్థ నడిపే క్రీడాగ్రామంలో పల్లెటూరి అబ్బాయిలూ అమ్మాయిలూ ఫుట్‌బాల్ సాధన చేస్తున్నారు. సముద్రం ఒడ్డున ఇసుక, రేవు, రైల్వే, నౌకాదళం, ఉక్కు కర్మాగారం ఉన్న విశాఖకు ఏం తక్కువ?

తక్కువైంది మైదానంలో గడిపే గంట! 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది. అపార్ట్‌మెంటులాంటి భవనంలో నడిచే బడిలో పిల్లాడు ఎక్కడ ఆడతాడు? ఉన్న చోట కూడా పదో తరగతి రాగానే ఆటల పీరియడ్‌లోకి లెక్కల మాస్టారు వచ్చి కూర్చుంటారు. పీఈటీ గారేమో ప్రార్థన దగ్గర వరసలు సరిచేయడానికి, పంద్రాగస్టు కవాతుకి పరిమితమైపోతారు. అలాంటి బడి ఏ పోటీకో జట్టుని పంపాల్సి వస్తే ఏం చేస్తుంది? ఎత్తుగా ఉన్నవాణ్ని ముందు నిలబెట్టి, బంతి ఎత్తి కొట్టమంటుంది. వారం రోజుల్లో వచ్చేది ఆ ఆటే మరి. పాస్‌ల ఆటకి ఏళ్లు పడుతుంది.

దీనికి మూల్యం చెల్లించేది ఓడిపోయిన జట్టు ఒక్కటే కాదు. జట్టులో ఉండీ గంటలో నాలుగుసార్లు కూడా బంతి తగలని పిల్లాడున్నాడే, వాడు. పొట్టిగా, నెమ్మదిగా ఉండే వాడు ఏడాది తిరక్కుండానే 'నాకు ఆటలు రావమ్మా' అనేస్తాడు. నిజానికి వాడికి ఆట రాకపోవడం కాదు, వాడి దగ్గరికి బంతి రాకపోవడం!

మనం చేయగలిగినవి

పెద్ద ఖర్చేం లేదు. చిన్నపిల్లల్ని పదకొండేసి మందిగా ఆడించకుండా, చిన్న స్థలంలో ఐదుగురు చొప్పున ఆడించమని మాస్టారిని అడగండి. అప్పుడు ప్రతి ఒక్కరి కాలికీ బంతి ఎక్కువసార్లు తగులుతుంది. దేశంలో ఫుట్‌బాల్ సమాఖ్య ప్రోత్సహించిన బేబీ లీగుల పద్ధతి కూడా ఇలాంటిదే. వారానికి ఒక రోజు రహీం గారి నిబంధన లాంటిది పెట్టండి: రెండుసార్లకు మించి బంతిని తాకకూడదు. ఇంకో రోజు వాటం లేని కాలు. బంతి తక్కువైనా, మైదానం చిన్నదైనా ఇవి కుదురుతాయి.

స్కూలు జట్లకు గమ్యం కూడా ఉంది. స్కూల్ గేమ్స్‌లో అండర్-14, 17, 19 పోటీలు ఉన్నాయి. ఢిల్లీలో జరిగే సుబ్రతో కప్పు 1960 నుంచీ స్కూలు జట్ల కోసమే నడుస్తోంది. అందులో అమ్మాయిలకూ విడిగా పోటీ ఉంది. జిల్లాలో, రాష్ట్రంలో గెలిచిన మామూలు బడి జట్టు కూడా అక్కడిదాకా వెళ్లొచ్చు.

ఇక మనవంతు. గట్టు మీద నిలబడి 'నువ్వే కొట్టరా!' అని అరిచే నాన్నలు కాస్త తగ్గాలి. పిల్లాడు ఇంటికి రాగానే అమ్మానాన్నా అడిగే మొదటి ప్రశ్న 'ఎన్ని గోల్స్ కొట్టావ్?' అనే కదా. ఈసారి 'ఎవరెవరికి బంతి ఇచ్చావ్?' అని అడిగి చూడండి. మొదటి రోజు తెల్లమొహం వేస్తాడు. వారం తిరిగేసరికి పేర్లు చెప్పడం మొదలుపెడతాడు. ఆ పేర్లలో ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోని పొట్టివాడి పేరు వినిపించిందంటే, మీ బడికి జట్టు తయారవుతున్నట్టే!