డింగో ముందు చాచిన చేయి

ఈ సంచికలో ప్రచురించవలసినదిగా కోరుతూ మా కళాశాల పూర్వవిద్యార్థి ఒకడు ఆస్ట్రేలియా నుండి ఒక ఛాయాచిత్రం పంపినాడు. ఇసుకపై చిన్న గుడారం, వెనుక సముద్రం, ముందు మోకాళ్ళపై కూర్చున్న మన విద్యార్థి, అతని చేతిలోని బిస్కట్టు వైపు మెడ చాచిన కుక్క వంటి పసుపువన్నె జంతువు. "డింగో, సార్. ఏమీ అనదు. మన వీధికుక్కే అనుకోండి" అని క్రింద వ్రాసినాడు. చిత్రం చక్కగా ఉన్నది. సంపాదకవర్గంలోని విద్యార్థులు ముచ్చటపడినారు. మేము మాత్రం వద్దన్నాము. మన ప్రాంతం నుండి చదువులకై ఆ దేశం పోయేవారు అనేకులున్నారు గనుక, ఎందుకు వద్దన్నామో చెప్పవలసిన బాధ్యత కూడా మాపై ఉన్నది.

ఆ గుడారం వేసిన చోటు క్వీన్స్‌లాండ్ తీరాన ఉన్న గర్రి ద్వీపం. నూరు కిలోమీటర్లకు మించిన పొడవు గల ఈ దీవి ప్రపంచంలోని ఇసుక దీవులన్నిటిలో పెద్దది. 1992లో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేరినది. ఫ్రేజర్ ద్వీపమన్న పేరు తొలగి, అక్కడి బుచుల్లా ఆదివాసులు పిలుచుకొనే ఈ పేరు 2023లో తిరిగి అధికారికమైనది. అలల చప్పుడు వింటూ గుడారంలో రాత్రి గడపడానికి ఏటా వేలాది మంది వస్తారు. డింగోలు అక్కడ ఇంటివారు, వచ్చినవారు అతిథులు.

2001 ఏప్రిల్ 30న ఆ దీవిలోనే, గుడారాల విడిదికి సమీపంలో, 9 ఏండ్ల బాలుడొకడు డింగోల బారినపడి మరణించినాడు. తరువాతి దినాలలో ప్రభుత్వం 30 డింగోలకు పైగా చంపించినది. ఆ జంతువులకు మనిషంటే భయం ఎట్లు పోయినది? ఏండ్ల తరబడి యాత్రికులు విసిరిన ఎంగిలి మెతుకులతోను, మూత వేయక వదలిన ఆహారపు పెట్టెలతోను పోయినది. మనిషి ఉన్నచోట తిండి ఉంటుందని నేర్చిన జంతువు వట్టి చేతుల మనిషి దగ్గరకు కూడా వస్తుంది. ఇవ్వకుంటే అడుగుతుంది. దానికి అడగడం తెలిసినది కోరలతోనే.

అంతకు పూర్వం, 1980 ఆగస్టు 17న, సముద్రానికి దూరంగా ఎడారి నడుమనున్న ఉలూరు శిల దగ్గరి విడిదిలో, గుడారం నుండి 9 వారాల శిశువు అజారియా చాంబర్లెయిన్ మాయమైనది. డింగో ఎత్తుకపోయినదని తల్లి లిండీ మొత్తుకున్నది. డింగో అంతపని చేయదని అనేకులు నమ్మినారు. 1982లో న్యాయస్థానం తల్లికే యావజ్జీవ శిక్ష విధించినది. 1986లో శిశువు చొక్కా డింగోలు తిరిగే చోట దొరికిన పిదప ఆమె విడుదలైనది. 1988లో శిక్ష రద్దయినది. మరణానికి డింగోయే కారణమని విచారణాధికారి ప్రకటించేసరికి 2012 వచ్చినది. "ఏమీ అనదు" అన్న మాటను ఒక తల్లి 32 ఏండ్లు మోసినది.

మూగజీవికి ఒక ముద్ద పెట్టడం తప్పా అని విద్యార్థులు అడుగవచ్చు. ఈ ప్రశ్నను మేము తేలికగా త్రోసిపుచ్చలేము. ఆకలిగొన్న ప్రాణికి పెట్టి తినమని మన ఇండ్లలో పెద్దలు నేర్పినారు. మేమూ అట్లే పెరిగినాము. కాని మన వాకిటి కుక్క మనపై ఆధారపడినది. డింగో 3,000 ఏండ్లకు పైగా ఆ ఖండంలో తన వేటతో తాను బ్రతుకుతున్నది. పశ్చిమ తీరంలోని మంకీ మియాలో 1960ల నుండి జనం డాల్ఫిన్లకు చేపలు తినిపించినారు. ఎవరికీ హాని చేయని ఆ ప్రాణులకు కూడా చేటే జరిగినది. చేతి తిండికి అలవాటుపడిన తల్లుల పిల్లలు ఎక్కువగా చనిపోయినవి. 1995లో కఠినమైన కట్టుబాట్లు పెట్టిన తరువాతనే పరిస్థితి మెరుగైనది. ఉత్తరాన మొసళ్ళున్న తీరాలలో నీటి అంచుకు 50 మీటర్ల దూరాన గుడారం వేయమని, చేపల వ్యర్థాలు పారవేయవద్దని అధికారులు చెప్తే ఎదురు వాదించేవారు అరుదు. మొసలి ముఖం ముద్దుగా ఉండదు గదా!

నేడు గర్రిలో డింగోకు తిండి పెట్టడం నేరం. నిద్రిస్తున్న డింగో పిల్లల ప్రక్కన పడుకొని చిత్రం తీసుకొన్న ఒక స్త్రీకి 2023లో 2,300 డాలర్ల జరిమానా వేసినారు. కొందరికి ఇది అతిగా తోచవచ్చు. మాకు తక్కువే అనిపించినది. జరిమానా కట్టిన మనిషి ఇంటికి పోతాడు. మనుషుల అలవాటు మరిగిన డింగో అక్కడే ఉండి, రేపు ఇంకొకరి బిడ్డ చేతిలోని రొట్టెకై ఎగబడితే, దానికి పడే శిక్ష ప్రాణం తీయడమే.

మేము ఆ విద్యార్థికి జాబు వ్రాసినాము. తిండి వాహనంలో పెట్టి తాళం వేయమని, ఒంటరిగా నడవవద్దని, చేత కర్ర ఉంచుకొమ్మని, డింగో ఎదురైతే పరుగెత్తక మెల్లగా వెనుకకు జరగమని తెలిపినాము. ఇవి మేము కనిపెట్టినవి కావు, అక్కడి అధికారులు ప్రతి యాత్రికునికి చెప్పేవే. అతడు కొంత నొచ్చుకున్నట్లున్నాడు. వారం దినాలు జవాబు లేదు. పిమ్మట మరొక చిత్రం వచ్చినది. అందులో తడి ఇసుకపై డింగో అడుగుజాడలున్నవి, డింగో లేదు. దానిని ఈ వ్యాసానికి ఎదురు పుటలో ప్రచురించమని సంపాదకవర్గాన్ని కోరినాము.