మిషను చూపిన అంకె నేరుగా చీటీలోకి రావాలి!



పాడి రైతులం మనం తెల్లారకముందే పాలు పితికి క్యాన్లతో పాల సేకరణ కేంద్రానికి వస్తాం. కాటా బరువు చూపిస్తుంది, ఫ్యాట్ మిషను వెన్న శాతం చూపిస్తుంది. ఆ అంకెలు ఒకరు చదివితే ఒకరు పుస్తకంలో ఎక్కిస్తారు. వరస పెరిగిన హడావుడిలో 6.2 కాస్తా 6.0 అయిందనుకోండి. పది కిలోల పాలలో ఆ తేడా 20 గ్రాముల వెన్న. కిలో వెన్న 800 రూపాయలనుకుంటే పూటకు 16 రూపాయలు. రెండు పూటలా ఇదే జరిగితే నెలకు 960!

రాసేవారిని నిందించడం మా ఉద్దేశం కాదు. తప్పు జరగని రోజున కూడా వాళ్లు అనుమానం మోయాల్సి వస్తోంది. ఆ బరువు వాళ్ల మీదినుంచి కూడా దించాలి.

అంకె నేరుగా చీటీలోకి రావడానికి కొత్త మిషన్లు అక్కర్లేదు. చాలా కాటాలకు, ఫ్యాట్ మిషన్లకు వెనక తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు ఉంటుంది. 1960లో వచ్చిన ఆర్‌ఎస్‌-232 పద్ధతిలో రీడింగును అక్షరం వెంట అక్షరంగా తీగలోకి పంపడమే దాని పని. ఆ తీగను ఈఎస్‌పీ32 అనే మైక్రోకంట్రోలర్ బోర్డుకు కలిపితే, అందులోని వైఫై ఆ అంకెల్ని కేంద్రంలోని ఫోనుకు, చీటీ అచ్చువేసే ప్రింటరుకు అందిస్తుంది. 9600 బాడ్ వేగంలో సెకనుకు 960 అక్షరాలు వెళతాయి. ఒక రైతు రీడింగు రెప్పపాటు పని. గుమాస్తా సభ్యుడి నంబరు నొక్కితే చాలు.

ఒక్క విషయం మరవొద్దు. ఆ పోర్టులో వోల్టేజీ 15 దాకా ఉండొచ్చు. బోర్డు పిన్ను తట్టుకునేది 3.3 మాత్రమే. నేరుగా కలిపితే బోర్డు కాలిపోతుంది. మధ్యలో మ్యాక్స్‌3232 కన్వర్టరు ఉండి తీరాలి. ఒక్కో మిషనుకు బోర్డూ కన్వర్టరూ కలిపి వెయ్యి రూపాయల లోపే.

మన పాల సంఘం వచ్చే సర్వసభ్య సమావేశంలో మనం అడగాల్సినవి:

1. ప్రతి కేంద్రంలో కాటాకూ ఫ్యాట్ మిషనుకూ బోర్డు పెట్టాలి. దగ్గర్లోని పాలిటెక్నిక్ విద్యార్థుల సాయం తీసుకోవాలి.

2. మిషను పంపే తీగ, గ్రౌండు తీగ మాత్రమే కలపాలి. అప్పుడు బోర్డు వినగలదే గాని మిషనుకు ఏ ఆదేశమూ ఇవ్వలేదు.

3. వైఫైకి గట్టి పాస్‌వర్డ్ ఉండాలి. రీడింగులు బయటి ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచకూడదు.

4. వైఫై పోయినా రీడింగులు బోర్డులో భద్రంగా ఉండి, వచ్చాక చేరేలా ప్రోగ్రాం రాయించాలి.

5. మొదటి నెల పుస్తకమూ కొనసాగాలి. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి అందరికీ చూపాలి.

బోర్డు రీడింగును మోసుకొస్తుంది, అంతే. మిషనే తప్పు కొలిస్తే ఆ తప్పే చీటీలోకి వస్తుంది. కాబట్టి మిషన్ల తనిఖీ కూడా సభ్యుల ఎదుటే, క్రమం తప్పకుండా జరగాలి.

పాలు మనవి, సంఘం మనది. ఆ అంకె మన కళ్లముందే మన చీటీలో పడాలి. సమావేశానికి రండి, తీర్మానానికి చెయ్యెత్తండి!

— పాడి రైతులు