నాబోతు పక్షాన నిలిచేదెవరు?

యెజ్రెయేలులో నాబోతుకు ఒక ద్రాక్షతోట ఉండేది. అది రాజనగరును ఆనుకుని ఉండటమే అతని పాలిట శాపమైంది. కూరతోట వేసుకోవడానికి ఆ నేల తనకు కావాలని అహాబు రాజు అడిగాడు. పిత్రార్జితాన్ని వదులుకోనని నాబోతు చెప్పేశాడు. అలిగి మంచమెక్కిన భర్త కోసం యెజెబెలు రాణి ఒక పథకం వేసింది. ఆ పథకంలో మొదటి మెట్టు ఏమిటో తెలుసా? ఉపవాసం చాటించడం! పట్టణ పెద్దలంతా భక్తిగా కూడారు, అబద్ధ సాక్షుల మాట విన్నారు, నాబోతును ఊరి బయటికి తీసుకెళ్లి రాళ్లతో కొట్టి చంపారు (1 రాజులు 21). ఆ రోజు ఊళ్లో ఉపవాసం ఉంది గాని న్యాయం లేదు. నాబోతు పక్షాన నోరు తెరిచిన పొరుగువాడు ఒక్కడైనా ఉన్నట్టు గ్రంథంలో కనిపించదు. ఏలీయా వచ్చి రాజును నిలదీశాడు, కాని అప్పటికే నిర్దోషి ప్రాణం పోయింది.

లోకం తీరు ఈనాటికీ అదే. మంచి నేల, మంచి నీరు బలవంతుడి వైపు జరుగుతాయి. ఎవరికీ అక్కర్లేని చెత్త, మురుగు, విషం బలహీనుడి వైపు జరుగుతాయి. మన చర్చిలు పేదలకు బియ్యం పంచుతున్నాయి, చలికాలంలో దుప్పట్లు ఇస్తున్నాయి, వైద్య శిబిరాలు పెడుతున్నాయి. ఇవన్నీ దేవుడు మెచ్చే పనులే. అయితే శిబిరానికి వచ్చిన రోగికి మందు ఇచ్చి పంపేటప్పుడు, అతడు తాగే నీళ్లు ఎందుకు పాడయ్యాయని ఎప్పుడైనా అడిగామా? జాలిపడటంతో ఆగిపోతే అది దానధర్మం. ఆ ప్రశ్న కూడా అడిగితే అది న్యాయం. దేవుడు మననుంచి రెండూ కోరుతున్నాడు.

ఆ ప్రశ్న అడిగిన ఒక పల్లె సంఘం గురించి మనం తెలుసుకోవాలి. అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో 1978 వేసవిలో ఒక ఘోరం జరిగింది. ఆ రోజుల్లో ట్రాన్స్‌ఫార్మర్లలో వాడే నూనెలో పీసీబీ అనే విష రసాయనం ఉండేది. దాన్ని పద్ధతి ప్రకారం వదిలించుకోవాలంటే ఖర్చవుతుందని కొందరు రాత్రివేళ లారీల్లో తెచ్చి, 14 కౌంటీల్లో 200 మైళ్లకు పైగా రోడ్ల పక్కన పారబోశారు. నేరస్థులు దొరికారు, వారికి శిక్షలూ పడ్డాయి. మరి ఆ విషపు మట్టినంతా తవ్వి తీసి ఎక్కడ పూడ్చాలి? అందుకు ప్రభుత్వం వారెన్ కౌంటీలోని ఆఫ్టన్ అనే పల్లెను ఎంచుకుంది. అక్కడివారిలో ఎక్కువమంది నల్లజాతివారు, పేదలు. పైగా అక్కడ కొద్ది అడుగులు తవ్వితే చాలు, నీళ్లు పడతాయి. జనం తాగేవి ఆ బావుల నీళ్లే!

విన్నపాలు చేశారు, కోర్టుకెళ్లారు, ఫలితం దక్కలేదు. 1982 సెప్టెంబరు 15న మట్టి లారీలు కదిలాయి. అదే రోజు అక్కడి కోలీ స్ప్రింగ్స్ బాప్టిస్టు చర్చిలోంచి జనం కూడా కదిలారు. ప్రార్థన చేసుకుని, పాటలు పాడుకుంటూ నడిచి వెళ్లి లారీలకు అడ్డంగా రోడ్డు మీద పడుకున్నారు. పాస్టర్లు, స్త్రీలు, వృద్ధులు, పిల్లలు, నల్లవారితోపాటు తెల్లవారు కూడా ఉన్నారు. ఎవరూ రాయి విసరలేదు. పోలీసులు ఎత్తుకెళ్లి బస్సుల్లో పడేస్తే, మర్నాడు మళ్లీ కొందరు వచ్చారు. ఆరు వారాల్లో 500 మందికి పైగా అరెస్టయ్యారు.

అయినా లారీలు ఆగలేదు. పూడ్చాల్సిన మట్టినంతా అక్కడే పూడ్చారు. ఓడిపోయామని ఆ సంఘం అనుకుని ఉంటే తప్పు పట్టలేం. కాని దేవుడి లెక్క వేరు. ఆ పోరాటంలో పాల్గొన్న యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ అనే ప్రొటెస్టెంటు సంఘాల వ్యవస్థ అక్కడితో ఊరుకోలేదు. దేశమంతటా ఇలాంటి విషపు గుంటలు ఎవరి ఇళ్ల పక్కన ఉన్నాయో లెక్క తీసి 1987లో ఒక నివేదిక ప్రచురించింది. ఆదాయం కన్నా, భూమి ధర కన్నా, ఆ చోట ఉండే జనం ఏ జాతివారన్నదే ముఖ్యమైన అంశమని ఆ నివేదిక తేల్చింది. 'పర్యావరణ న్యాయం' అని ఈరోజు ప్రపంచమంతా అంటున్న మాటకు ఆ పల్లె చర్చి గడప దగ్గర బలం వచ్చింది. 1994లో అధ్యక్షుడు క్లింటన్ దీనిపై ఒక ఉత్తర్వు జారీ చేశాడు. ఆఫ్టన్‌లో పూడ్చిన మట్టిని సుమారు 1 కోటి 80 లక్షల డాలర్ల ఖర్చుతో శుద్ధి చేసే పని 2003 చివరికి పూర్తయింది. అంటే 21 ఏళ్లు పట్టింది! ఆ 1994 నాటి ఉత్తర్వు 2025 జనవరిలో రద్దయింది. ఒక ప్రభుత్వం ఇచ్చినదాన్ని మరో ప్రభుత్వం తీసేయగలదు. పొరుగువాణ్ణి ప్రేమించమని ప్రభువిచ్చిన ఆజ్ఞను మాత్రం ఎవరూ రద్దు చేయలేరు.

అది అమెరికా సంగతి, మనకెందుకు అనుకోవద్దు. న్యాయం కోసం నిలబడటం తెలుగు సంఘాల పుట్టుకలోనే ఉంది. 1876-78 నాటి మహాకరువులో ఒంగోలు ప్రాంతం మాడిపోతున్నప్పుడు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ గంజి పోసి చేతులు దులుపుకోలేదు. బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వే పనిని తానే కాంట్రాక్టు తీసుకున్నాడు. సర్వే పని తెలిసినవాడు కాబట్టి కొలతలు తానే చూసుకున్నాడు. కూలీలను తిట్టి కొట్టే మేస్త్రీలకు బదులు సంఘ బోధకులనే అజమాయిషీకి పెట్టాడు, కూలి పూర్తిగా చేతికందేలా చూశాడు. ఊరవతల బతికే మాదిగలు వేల సంఖ్యలో ఆ పని చేసి ప్రాణాలు నిలుపుకున్నారు. ఇంకో సంగతి కూడా మరిచిపోకూడదు. కూలి కోసం మతం మారారన్న మాట రాకూడదని, కరువు సాయం సాగినంతకాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తరువాతే, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. సేవకు వెల కట్టకూడదని, ఆకలిగొన్నవాడికి బిచ్చంకన్నా గౌరవమైన కూలి ముఖ్యమని ఆ తరం నేర్పిన పాఠం ఇది.

మరి ఆ వారసులమైన మనం ఇప్పుడెక్కడ ఉన్నాం? మన విశ్వాసుల్లో ఎంతోమంది ఈనాటికీ పేటల్లోనే ఉంటున్నారు. ఊరి మురుగు ఎటు పారుతుందో, చెత్త ఎక్కడ తగలబెడతారో, ఆ పొగ ఎవరి పిల్లలు పీలుస్తారో వారినడిగితే చెబుతారు. పటాన్‌చెరు ప్రాంతంలో పరిశ్రమలు వదిలిన వ్యర్థాలతో నక్కవాగు, చుట్టుపక్కల బావులు, పొలాలు పాడైతే అక్కడి పల్లెవాసులు సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఏళ్ల తరబడి పోరాడాల్సి వచ్చింది. మ్యాన్‌హోళ్లలోకి మనుషుల్ని దించి ఊపిరాడక చంపే పని, 2013లో కఠినమైన చట్టం వచ్చినా, ఇంకా పూర్తిగా ఆగలేదు. అలా పోయినవారి భార్యాపిల్లలు మన బల్లల మీదే మన పక్కన కూర్చునేవారు కావచ్చు. 'మీకోసం ప్రార్థిస్తాం' అని వారిని పంపేస్తే, యెజ్రెయేలు పెద్దల ఉపవాసానికీ మన ప్రార్థనకూ తేడా ఏముంటుంది?

చేయగలిగిన పనులు చాలా ఉన్నాయి. మొదట మన ఇల్లు చక్కదిద్దుకుందాం. కూటాల తరువాత మైదానం నిండా ప్లాస్టిక్ గ్లాసులు వదిలి వెళ్లే సంఘానికి ఫ్యాక్టరీని ప్రశ్నించే హక్కు ఉండదు. చర్చి కాంపౌండులో వాన నీరు ఇంకే గుంత ఒకటి తవ్వుదాం. చర్చి బోరు నీటిని, పేటలోని బోరు నీటిని పరీక్షకు పంపి, ఫలితాన్ని అందరికీ తెలిసేలా నోటీసు బోర్డులో పెడదాం. 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం చాలా రకాల పరిశ్రమలకు, గనులకు అనుమతి ఇచ్చేముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. ఆ తేదీని పెళ్లి ప్రకటనలు చదివినట్టే ఆదివారం చర్చిలో చదివి వినిపిస్తే ఏమవుతుంది? సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. దరఖాస్తు రాయడం చేతకాని వృద్ధుడికి మన యువకులు రాసిపెట్టడం కూడా పరిచర్యే.

ఒక హెచ్చరిక కూడా అవసరం. ఈ పని పార్టీల కోసం చేయకూడదు, మనవాళ్ల కోసం మాత్రమే కూడా చేయకూడదు. విషం కలిసిన నీళ్లు తాగేవాడి మతం అడగవు. చెరలో ఉన్న యూదులతో సైతం, మీరున్న పట్టణ క్షేమాన్ని కోరుకోండని యిర్మీయా ద్వారా దేవుడు చెప్పాడు (యిర్మీయా 29:7). ఆ పట్టణం బబులోను! మన పక్కింటి హిందూ, ముస్లిం సోదరులతో కలిసి బావి బాగుచేయడం విశ్వాసానికి తక్కువ కాదు. ఆదాము చేతికి దేవుడు మొదట అప్పగించింది ఒక తోటను (ఆదికాండము 2:15). దాన్ని సేద్యం చేయమన్నాడు, కాపాడమని కూడా అన్నాడు.

వచ్చే ఆదివారం ఆరాధన ముగిశాక పెద్దలు, స్త్రీల సమాజంవారు, యువకులు కలిసి చర్చి చుట్టూ ఒక కిలోమీటరు నడిచి చూడండి. మురుగు ఎక్కడ ఆగిపోయిందో, చెత్త ఎవరి గుమ్మం ముందు పడుతోందో, ఏ బావిని ఎందుకు మూసేశారో అక్కడివారినే అడిగి ఒక కాగితం మీద రాసుకోండి. ఆ కాగితాన్ని సంఘ కమిటీ ముందు పెట్టండి, ఒక్క పని ఎంచుకోండి, అది పూర్తయ్యేదాకా వదలకండి. 21 ఏళ్లు పట్టినా సరే!