అక్షరం తప్పితే కూలి ఎవురిది పోతాది?

పిల్లోడి మెడలో బడి కార్డు అంటే మనకు తెలిసింది ఫొటో, తరగతి, నాయన ఫోను నెంబరు. ఇప్పుడు బళ్ళల్లో అడిగేది అది కాదు. అపార్ అని 12 అంకెల నెంబరు. మార్కులు, సర్టిఫికెట్లు అన్నీ దాని కిందికి, డిజిలాకర్‌లోకి వస్తాయంట.

నేను దీన్ని వద్దనేవాణ్ణి కాదు. కుప్పంలో రైలెక్కి బెంగళూరుకు పనికి పొయ్యే ఇండ్లు ఎన్ని లేవు? ఆడ బిడ్డను బడిలో చేర్చాలంటే టీసీ కోసరం మళ్ళా ఊరికి రావాల. చదువు లెక్క బిడ్డ వెనకాలే పోతే మంచిదే గదా.

తిరకాసంతా పేరు కాడ ఉండాది. బడి రికార్డులో పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోవాల. ఆధార్‌లో కొట్టింది ఎవురు? ఎప్పుడో, ఏదో క్యాంపులో, ఎవురో ఆపరేటరు. రెడ్డెప్పను ఇంగ్లీషులో రెడ్డప్ప అని కొట్టినా సదువు రాని అమ్మకు ఎట్ల తెలస్తాది? కుప్పం పక్క తమిళం మాట్లాడే ఇండ్లల్లో పేరు ముందర నాయన పేరు అక్షరం పెడతారు, మనం ఇంటిపేరు పెడతాం. ఆధార్‌లో ఒక తీరు, బడిలో ఒక తీరు రాసినారంటే ఒక్క పిల్లోడే ఇద్దరైపోతాడు.

"సరిచేసుకోని రాపోండి" అనేది సులువు. పుంగనూరు పక్క పల్లెలో ఒకమ్మ నాతో అనింది: "మూడు తూర్లు తిరిగినా అన్నా. మదనపల్లె టమాటా మండీలో మూడు దినాల కూలి పోయింది." పేరు సంగతి అట్లుంటే, పుట్టిన తేదీని ఆధార్‌లో ఒక్కసారే మార్చనిస్తారు. అదీ తప్పుగా మారిందంటే ఇంక చూస్కో.

ఇంతా చేస్తే అపార్ తప్పనిసరే కాదు. స్వచ్ఛందం అని కేంద్ర విద్యాశాఖే చెప్పింది. తల్లో తండ్రో ఒప్పుకోని సంతకం పెడితేనే చెయ్యాల. ఆ ఒప్పుదల తర్వాత వెనక్కి తీసుకోవచ్చు కూడా. ఆధార్ లేదని బడిలో చేర్చుకోకుండా ఉండకూడదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26నే చెప్పింది. ఇవన్నీ అమ్మానాయనలకు చెప్పేవాళ్ళేరీ? "సంతకం పెట్టించుకోని రా" అనే మాట మాత్రం ఇంటికొస్తాది.

అయ్యవార్లను తిట్టి లాభం లేదు. ఎంత శాతం అయ్యిందని పైనుంచి అడుగుతా ఉంటే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? అడగాల్సింది పైవాళ్ళను. ఆధార్ మిషను బడి కాడికే రావాల, కూలి పోని పొద్దులో రావాల.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఆ కాయితం మీ ఇంటికొస్తే సంతకానికి ముందే అమ్మకు చదివి చెప్పండి. ఆధార్‌నూ బడి రికార్డునూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. తప్పుంటే హెడ్మాస్టరుకు అర్జీ రాసిచ్చి, అందినట్టు ఇంకో కాపీ మీద సంతకం తీసుకోండి.